రాత్రి తొమ్మిదికి మొరాయించే నెట్: ఒక హాస్టల్ కేసు

హాస్టల్ వార్డెన్ గారి బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. నీళ్లు రాకపోయినా, ఫ్యాను తిరక్కపోయినా, సాంబారులో ఉప్పెక్కువైనా పిల్లలు అందులో రాసి సంతకం పెడతారు. ఒక సెమిస్టరంతా ఆ పుస్తకంలో సగం పేజీలు ఒకే మాటతో నిండాయి: "రాత్రి తొమ్మిది తర్వాత నెట్ రావట్లేదు సార్." కేసు నా చేతికొచ్చిన ఆరో రోజు దాకా నేను ఆ పుస్తకం తెరవలేదు. మొదటి రోజే తెరిచి ఉంటే రెండు రోజుల్లో తేలిపోయే పని. ఎందుకు తెరవలేదో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి. ఈ కేసులో దోషం హాస్టల్‌ది ఎంతో నాదీ అంతే.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంటెక్ చేసి బెంగళూరు వెళ్లాను. రౌటర్లు తయారుచేసే ఒక కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. మా టీమ్ పని క్యూలు. అంటే రౌటర్‌లోకి వచ్చిన ప్యాకెట్లు (డేటాను ముక్కలు చేసి పంపే పొట్లాలు) బయటికి వెళ్లే దారి ఖాళీ అయ్యేవరకు ఎక్కడ నిలబడాలి, ఎన్ని నిలబడాలి, ఏది ముందు పోవాలి అని తేల్చే కోడ్ రాయడం. ముప్పై ఎనిమిదో ఏట ఆ ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాను. మా అత్తగారికి ఆ ముద్ద ఇప్పటికీ మింగుడు పడలేదు. వైఫై మీద థీసిస్ రాసి, విశాఖ తిరిగొచ్చి, ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు నెట్‌వర్క్స్ పాఠం చెబుతున్నాను. పాత కంపెనీ స్నేహితులు నన్ను "ప్రొఫెసర్ గారూ" అని ఆటపట్టిస్తారు. కాలేజీలో నేను "కంపెనీ మనిషి"ని. రెండు పడవల మీద కాళ్లన్నమాట.

ఈ కేసు నేను పాఠం చెప్పే కాలేజీది కాదు. మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్లే దారిలో ఉన్న ఇంకొక ప్రైవేటు కాలేజీది. పేరు ఇక్కడ అనవసరం. అక్కడి ప్రిన్సిపాల్ నాకు ఎంటెక్‌లో సీనియర్. ఫోన్ చేసి, "తమ్ముడూ, ఇంకో మూడొందల ఎంబీ కొనమని మావాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. కొనాలా వద్దా, అదొక్కటి చూసి చెప్పు చాలు" అన్నారు.

పరిస్థితి

రెండు హాస్టల్ బ్లాకులు, సుమారు ఏడొందల మంది పిల్లలు. కాలేజీ మొత్తానికి 300 ఎంబీపీఎస్ (సెకనుకు 30 కోట్ల బిట్లు) లీజ్డ్ లైన్, అంటే మనకే ప్రత్యేకంగా అద్దెకిచ్చే లైన్, డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ అంతే. అంతకుముందు 150 ఉండేది. ఫిర్యాదులు వస్తే రెట్టింపు చేశారు. పెంచాక రెండు వారాలు ఎవరూ నోరెత్తలేదు, కాబట్టి పెంచడమే మందు అని అందరికీ గట్టి నమ్మకం కుదిరింది. తర్వాత ఆరా తీస్తే, లింకు పెంచింది సంక్రాంతి సెలవులకు రెండు రోజుల ముందని తేలింది. పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఇక నోరెత్తేదెవరు?

సెలవులయ్యాక మళ్లీ పాత కథే. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటితే ఇంటికి చేసిన వీడియో కాల్‌లో అమ్మ ముఖం బిగుసుకుపోతుంది, వాట్సాప్ కాల్‌లో మాట ముక్కలవుతుంది, కోడింగ్ పోటీలో సబ్మిట్ కొడితే టైమ్‌అవుట్ వస్తుంది. చిత్రమేమిటంటే అదే సమయంలో స్పీడ్ టెస్ట్ పెడితే 40 ఎంబీపీఎస్ చూపిస్తోంది. పిల్లలు తిడతారు, టెక్నీషియన్ స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ చూపిస్తాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ టెక్నీషియన్‌ని అక్కడ అందరూ బాబాయ్ అంటారు. శ్రీకాకుళం మనిషి, పాతికేళ్లుగా కేబుళ్లు లాగుతున్నాడు. నన్ను చూడగానే, "స్పీడు బానే వత్తంది సార్, ఈ పిల్లలకేటి కావాలో నాకు తెలీదు" అన్నాడు.

నాలుగు రోజుల తప్పుదారి

పిల్లలందరూ వాడేది వైఫై. నా థీసిస్ వైఫై. ఇంకేం కావాలి? కారిడార్‌లోకి అడుగుపెట్టకముందే రోగం నిర్ణయించేశాను.

వైఫైలో పేరుమోసిన జబ్బు ఒకటుంది. 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు హ్యూస్, రూసో, బెర్జే-సబాటెల్, డూడా దీన్ని లెక్కగట్టి చూపించారు. ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) కింద అందరూ 11 ఎంబీపీఎస్ వేగంతో మాట్లాడుతున్నప్పుడు, దూరంగా మూలగదిలో ఉన్న ఒక్క పరికరం 1 ఎంబీపీఎస్‌కి పడిపోతే, మిగతా వాళ్ల వేగం కూడా దాదాపు ఆ ఒక్కడి స్థాయికి దిగిపోతుంది. వైఫై అందరికీ సమానంగా పంచేది అవకాశాలను, సమయాన్ని కాదు. నత్తనడక వాడు తన వంతు వచ్చినప్పుడల్లా గాలిని చాలాసేపు పట్టుకుని కూర్చుంటాడు. నాకు బాగా తెలిసిన జబ్బు, దాని మీద పేపర్లు రాశాను. సుత్తి చేతిలో ఉంది, మేకు కనబడింది.

నాలుగు రోజులు లాప్‌టాప్ పట్టుకుని రెండు బ్లాకుల్లో అంతస్తు అంతస్తూ తిరిగాను. ఛానెళ్లు కొలిచాను, సిగ్నల్ మ్యాప్ గీశాను. మూడో అంతస్తు మూలగదుల్లో పరిస్థితి నిజంగానే బాగాలేదు. దాంతో నా నమ్మకం ఇంకా ముదిరింది. రంగురంగుల గ్రాఫులతో ఎనిమిది పేజీల రిపోర్టు మొదలుపెట్టాను.

ఐదో రాత్రి వార్డెన్ గారి గదిలో టీ తాగుతున్నాం. ఆయన డెస్క్‌టాప్‌లో ఏదో ఫైలు తెరుచుకోక విసుక్కుంటున్నారు. బాబాయ్ మామూలుగా అన్నాడు: "ఈ సిస్టానికి వైఫై లేదు గదా సార్, కేబులే. మరి ఇదెందుకు ఇలాగుంది?"

టీ గ్లాసు కింద పెట్టి పింగ్ కొట్టాను, అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూశాను. హైదరాబాద్‌లోని ఒక సర్వర్‌కి పగలు 14 మిల్లీసెకన్లు వచ్చేది. ఇప్పుడు 480. కేబుల్ మీద! వైఫైకి సంబంధమే లేదు. పీహెచ్‌డీ లేని మనిషి ఒక్క ప్రశ్నతో నా ఎనిమిది పేజీలు చింపేశాడు. కంపెనీలో ఉన్న రోజుల్లో అయితే ఈ పరీక్ష మొదటి పది నిమిషాల్లో చేసేవాణ్ని. అక్కడ టికెట్ (కస్టమర్ ఫిర్యాదు) తెరవగానే వైరు మీద కూడా ఇలాగే ఉందా అని అడగడం అలవాటు. రీసెర్చ్‌లో ఆరేళ్లు ఉండేసరికి, మన దగ్గరున్న జవాబుకు సరిపడే ప్రశ్న వెతుక్కునే రోగం పట్టుకుంది.

480 ఎక్కడి నుంచి వచ్చింది

ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి హైదరాబాద్ ఆరొందల కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి సుమారు 6 మిల్లీసెకన్లు చాలు. దారి వంకర్లూ మధ్య పెట్టెలూ కలిపి 14 అయింది, న్యాయమే. 480 మాత్రం దూరం వల్ల వచ్చేది కాదు. ప్యాకెట్ ఎక్కడో నిలబడి ఉంది. పైగా ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోవట్లేదు, అన్నీ ఆలస్యంగా చేరుతున్నాయి. అది పెద్ద సూచన.

దారిలో ఒక్కొక్క మజిలీకి ఎంతసేపు పడుతోందో చూస్తే హాస్టల్ స్విచ్ దాకా 1 మిల్లీసెకను. కాలేజీ నెట్‌కి గేటులా కాపలా ఉండే పెట్టె ఫైర్‌వాల్. అది దాటగానే 470. అంటే క్యూ ఫైర్‌వాల్‌లో ఉంది, మన ఇంట్లోనే.

ఫైర్‌వాల్ సెట్టింగులు తెరిచాం. హాస్టల్‌కి విడిగా ఒక పరిమితి పెట్టి ఉంది: డౌన్‌లోడ్ 200, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. లింకు రెట్టింపు చేసినప్పుడు డౌన్‌లోడ్ పరిమితి మార్చారు, అప్‌లోడ్ జోలికి ఎవరూ పోలేదు. ఎన్నేళ్ల కిందట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ పరిమితి ముందున్న క్యూ పొడవు 1000 ప్యాకెట్లు.

లెక్క చూడండి. ప్యాకెట్‌కి 1500 బైట్లు, వెయ్యి ప్యాకెట్లంటే 15 లక్షల బైట్లు, అంటే కోటీ 20 లక్షల బిట్లు. సెకనుకు 2 కోట్ల బిట్లు పోయే దారిలో ఈ క్యూ ఖాళీ కావడానికి 0.6 సెకను, అంటే 600 మిల్లీసెకన్లు పడుతుంది. మనం చూసింది 480. తేడా ఎందుకంటే క్యూలో అన్నీ పెద్ద ప్యాకెట్లు కావు. డౌన్‌లోడ్ చేసుకుంటున్న వాళ్లు "అందింది, అందింది" అని పంపే చిన్న జవాబులు కూడా అదే క్యూలో నిలబడతాయి. వాటి వల్లే డౌన్‌లోడ్ కూడా బద్ధకిస్తుంది. ఫోన్ మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది. ఇక్కడ మాట గేటు దాటడానికే దానికి మూడింతలు పడుతోంది.

మరి స్పీడ్ టెస్ట్? అది ఎన్ని లీటర్లు వచ్చాయో కొలుస్తుంది, కుళాయి తిప్పిన ఎంతసేపటికి మొదటి చుక్క పడిందో కాదు. ఖాళీ లైన్లో పింగ్ చూసి, తర్వాత లైన్ నింపి డౌన్‌లోడ్ చూసి, రెండూ వేర్వేరుగా చూపిస్తే రోగం దాక్కుంటుంది. లైన్ నిండి ఉన్నప్పుడు పింగ్ ఎంతన్నదే అసలు ప్రశ్న.

మరి రాత్రి తొమ్మిదికే అప్‌లోడ్ ఎందుకు నిండుతోంది? అప్పుడు తెరిచాను వార్డెన్ గారి పుస్తకం. తేదీల పక్కన వారాలు రాసుకుంటూ పోతే బొమ్మ కట్టింది. ఫిర్యాదులు ఎక్కువగా ఉన్నది ఆదివారం రాత్రి, పండగ సెలవు అయిన రాత్రి. ఎనిమిది నుంచి తొమ్మిది వరకు స్టడీ అవర్, ఫోన్లు గదుల్లోనే ఉండాలి. తొమ్మిదికి అటెండెన్స్ అయ్యాక పిల్లలు గదికొచ్చి ఫోన్ ఛార్జింగ్‌లో పెడతారు. ఛార్జింగ్, వైఫై రెండూ ఉంటే చాలు, ఫోటోల బ్యాకప్ మొదలు. ఆదివారం రుషికొండలోనో యారాడలోనో భీమిలిలోనో తీసుకున్న వీడియోలన్నీ ఏడొందల ఫోన్ల నుంచి ఒక్కసారి 20 ఎంబీపీఎస్ సందులోకి దూరతాయి. ఏ మానిటరింగ్ సాఫ్ట్‌వేరూ ఆ నోట్‌బుక్ అంత స్పష్టంగా చెప్పలేదు.

వెయ్యి ప్యాకెట్లు పెట్టిన చేతులు

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. ఈ ఫైర్‌వాల్ కోడ్ నేను రాసింది కాదు, కానీ ఇలాంటివే రాశాను. కంపెనీలో కస్టమర్ టెస్టు చేసినప్పుడు రిపోర్టులో ప్యాకెట్ డ్రాప్ (జాగా లేక ప్యాకెట్ పారేయడం) ఒక్కటి కనబడినా అది మన పెట్టె తప్పు. ఆలస్యం అర సెకను పెరిగిందంటే అడిగే గడే ఆ రిపోర్టులో లేదు. అందుకని మేం ఏం చేసేవాళ్లం? బఫర్, అంటే ప్యాకెట్లు నిలబడే మెమరీ, పెంచేవాళ్లం. డ్రాప్ సున్నా, టికెట్ క్లోజ్, పార్టీ. మెమరీ చవకైన కొద్దీ ఇంకా పెంచాం. కేబుల్ తగిలించే ఈథర్‌నెట్ కార్డుకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా చాలా ఏళ్లు వెయ్యి ప్యాకెట్ల క్యూనే డీఫాల్ట్.

ఈ పొరపాటు గురించి 1985లోనే ఒకాయన హెచ్చరించారు. జాన్ నేగల్, ఫోర్డ్ కంపెనీకి చెందిన ఫోర్డ్ ఏరోస్పేస్‌లో ఇంజనీరు. ఇంటర్నెట్ ఇంజనీర్లు రాసుకునే పత్రాల్లో ఒకటైన ఆర్‌ఎఫ్‌సీ 970లో ఆయన అడిగిన ప్రశ్న: స్విచ్‌కి మెమరీ అనంతంగా ఉంటే ఏమవుతుంది? జవాబు: అయినా నెట్‌వర్క్ కూలుతుంది, ఎందుకంటే ప్యాకెట్లు క్యూలో ఉండగానే వాటి కాలం చెల్లిపోతుంది. ఒకే క్యూ బదులు పంపేవాళ్లకు తలా ఒక క్యూ పెట్టి వంతుల వారీగా వదలండి అని కూడా అందులోనే చెప్పారు. నలభై ఏళ్ల కిందట, యూనివర్సిటీలో కాదు, ఒక కార్ల కంపెనీ తాలూకు ఆఫీసులో కూర్చుని.

మరుసటి ఏడాది, 1986 అక్టోబరులో, లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య, 400 గజాల దూరంలో, డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదు, ఉత్త నలభై. ఆ ల్యాబ్‌లో ఉన్న వాన్ జేకబ్‌సన్ దీన్ని పట్టుకుని, 1988లో మైకేల్ కారెల్స్‌తో కలిసి రాసిన పేపర్‌తో నెట్‌లో డేటా పంపే పద్ధతి టీసీపీకి బుద్ధి నేర్పారు: ప్యాకెట్ తప్పిపోయిందంటే దారి నిండిందని అర్థం, తగ్గు. నేటికీ ఎక్కువ టీసీపీలు ఆ మాట మీదే నడుస్తున్నాయి. కానీ అందులో ఒక షరతుంది. దారి నిండగానే ప్యాకెట్ తప్పిపోవాలి. బఫర్ పెంచి ప్యాకెట్ పోకుండా చేస్తే, పంపేవాడికి నిండిన సంగతి తెలియదు, ఇంకా పోస్తూనే ఉంటాడు. మేం కంపెనీలో చేసింది సరిగ్గా అదే. జ్వరం కనబడకుండా థర్మామీటర్ విరగ్గొట్టాం.

జేకబ్‌సన్ ఉద్యోగ ప్రయాణం నాకు చాలా ఇష్టం. ల్యాబ్ నుంచి సిస్కోకి ప్రధాన శాస్త్రవేత్తగా, అక్కడి నుంచి ప్యాకెట్ డిజైన్ అనే స్టార్టప్‌కి, తర్వాత పార్క్ అనే పరిశోధనా కేంద్రానికి, ఆ తర్వాత గూగుల్‌కి. జాగాలు మారాయి గానీ ప్రశ్న మాత్రం మారలేదు. 1993లో సాలీ ఫ్లాయిడ్‌తో కలిసి రెడ్ అనే పద్ధతి చెప్పారు: క్యూ నిండేదాకా ఆగకుండా ముందే అడపాదడపా ఒక ప్యాకెట్ పారేసి హెచ్చరించడం. అది చాలా రౌటర్లలో ఉంది, వాడినవాళ్లు తక్కువ. ఎందుకో నాకు ప్రత్యక్షంగా తెలుసు. మా పెట్టెలో కూడా ఉండేది. దానికి సెట్ చేయాల్సిన అంకెలు నాలుగైదు, ఏ అంకె ఎంత పెట్టాలో కస్టమర్‌కీ తెలియదు, మాకూ తెలియదు. పేపర్‌లో బాగున్నది రాక్‌లో పనిచేయకపోవడానికి తరచూ ఇంత చిన్న కారణమే ఉంటుంది.

2010లో బెల్ ల్యాబ్స్‌లో ఉన్న జిమ్ గెటిస్ తన ఇంట్లో పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే నెట్ మొరాయించడం చూసి తవ్వుకుంటూ పోయారు. మా హాస్టల్ రోగమే. దానికి ఆయన పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. తెలుగులో నేను పిల్లలకు "బఫర్ ఉబ్బరం" అని చెబుతాను, కడుపుబ్బరం లాగా. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, జేకబ్‌సన్ కలిసి కోడెల్ అనే కొత్త క్యూ పద్ధతి తెచ్చారు. దాంట్లో సెట్ చేయాల్సినవి దాదాపు ఏమీ లేవు. అదే ఏడాది ఎరిక్ డుమాజే దాన్ని విడివిడి క్యూలతో కలిపి ఎఫ్‌క్యూ-కోడెల్‌గా లినక్స్‌లో పెట్టారు. అంటే నేగల్ 1985లో చెప్పిన మాట కూడా అందులో కలిసింది. ఆ కోడ్‌ని పనిచేసేదాకా వదలకుండా ఊరూరా ప్రచారం చేసిన డేవ్ టాట్ ప్రొఫెసర్ కాదు. ఆయన 2025 ఏప్రిల్‌లో పోయారు. మన హాస్టల్ పిల్లల వీడియో కాల్ సాఫీగా నడవడంలో ఆయన చెయ్యి ఉందని ఇక్కడైనా ఒకచోట రాసి ఉండాలి.

అప్పన్న దర్శనం, కోడెల్

ఫైర్‌వాల్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్ లేదు. పాత ల్యాబ్‌లో మూలపడ్డ ఒక డెస్క్‌టాప్ తెచ్చి, రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి, లినక్స్ వేసి, హాస్టల్ స్విచ్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య పెట్టాలనుకున్నాం. బాబాయ్‌తో "కోడెల్ పెడదాం" అన్నాను. ఆయన నవ్వాడు. "కోడెదూడా సార్? సింహాద్రప్పన్నకి మొక్కుకున్నారేటి?"

సరిగ్గా ఆ మాటే నాకు పనికొచ్చింది. సింహాచలంలో చందనోత్సవం రోజు లైను గుర్తు తెచ్చుకో బాబాయ్ అన్నాను. ఒకే లైను ఉందనుకో. ముందు ఒక బస్సు నిండా జనం దిగి నిలబడితే, వెనక ఒంటరిగా వచ్చిన ముసలమ్మ సాయంత్రం దాకా నిలబడాల్సిందే. అలా కాకుండా బస్సుకో లైను వేసి, ఒక్కొక్క లైను నుంచి కొందరిని చొప్పున వదిలితే? ఒంటరి ముసలమ్మ లైను వెంటనే అయిపోతుంది. వీడియో కాల్ ప్యాకెట్ ఆ ముసలమ్మ, ఫోటో బ్యాకప్ బస్సు. ఎఫ్‌క్యూలో అలాంటి లైన్లు మామూలుగా 1024.

ఇక కోడెల్. అది లైను ఎంత పొడుగుందని చూడదు, ముందున్న మనిషి ఎంతసేపు నిలబడ్డాడని చూస్తుంది. కాసేపు గుంపు వచ్చి పోతే ఏమీ అనదు. కానీ 100 మిల్లీసెకన్ల పాటు ఒక్కసారి కూడా నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి దిగలేదంటే, ఆ లైనులో ఒకణ్ని వెనక్కి పంపేస్తుంది. ఆ బ్యాకప్ నడిపే టీసీపీకి కబురు అందుతుంది, అది తగ్గుతుంది. గంటసేపు నా పాఠంలో కూర్చున్న పిల్లల కంటే బాబాయ్‌కే ఇది త్వరగా ఎక్కింది.

ఇందులో ఒక మెలిక ఉంది. క్యూ మన పెట్టెలో ఏర్పడితేనే మన పద్ధతి పనిచేస్తుంది. ఫైర్‌వాల్ డౌన్‌లోడ్‌ని 200కి వదులుతుంటే మనం 190 దగ్గరే కట్టేయాలి, లేకపోతే క్యూ మళ్లీ ఫైర్‌వాల్‌లోకే పోతుంది. ఈ పది ఎంబీ దగ్గర అకౌంట్స్ ఆయన అడ్డం తిరిగారు. "డబ్బు కట్టి కొన్నది వదులుకోమంటారేంటండీ?" ఆయనకు సర్దిచెప్పడానికి పట్టినంత సేపు కాన్ఫిగరేషన్ రాయడానికి పట్టలేదు.

నాలుగు ఆదివారాలు

మార్పులు రెండు: అప్‌లోడ్ పరిమితి 20 నుంచి 100కి పెంచడం, క్యూ పద్ధతి మార్చడం. ప్రిన్సిపాల్ గారు "రెండూ ఒకేసారి చేసెయ్, పనైపోతుంది" అన్నారు. కంపెనీ మనిషిగా నేనూ అదే చేసేవాణ్ని. కానీ రెండూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రేపు ఇంకొక కాలేజీ అడిగితే ఏం చెప్పాలి? నాలుగు ఆదివారాలు అడిగి తీసుకున్నాను. టోకే హోయ్‌లాండ్-యోర్గెన్సన్ రాసిన ఫ్లెంట్ అనే సాధనంతో లైన్ నింపుతూ పింగ్ కొలిచాను.

మొదటి ఆదివారం ఏమీ మార్చకుండా: పింగ్ 480 చుట్టుపక్కల. రెండో ఆదివారం పాత క్యూనే ఉంచి పరిమితి 100కి పెంచాం. తొమ్మిదిన్నర దాకా అద్భుతం. బాబాయ్ నాకు ఫోన్ చేసి "అయిపోనాది సార్" అన్నాడు కూడా. పది దాటాక 110కి చేరింది. వెయ్యి ప్యాకెట్లు 100 ఎంబీపీఎస్‌లో ఖాళీ కావడానికి 120 మిల్లీసెకన్లు, లెక్కకు సరిగ్గా దగ్గర. ఏడొందల ఫోన్లకి 100 ఇచ్చినా నింపుతాయి, 300 ఇచ్చినా కాసేపు నింపుతాయి. మూడో ఆదివారం పరిమితి మళ్లీ 20కి దించి, డెస్క్‌టాప్ మధ్యలో పెట్టి, క్యూ పద్ధతి మార్చాం. అదే ఇరుకు సందు, పింగ్ 26. బ్యాకప్‌లు నెమ్మదిగానే నడిచాయి గానీ పుస్తకంలో ఆ రాత్రి ఒక్క ఫిర్యాదూ లేదు. నాలుగోసారి రెండూ కలిపి: 18.

మూడో ఆదివారం నాకు ఈ కేసు మొత్తంలో ముఖ్యమైన రాత్రి. పైసా బ్యాండ్‌విడ్త్ పెంచకుండానే 480 కాస్తా 26 అయింది. అది విడిగా చూడకపోయి ఉంటే మేమందరం "అప్‌లోడ్ పెంచితే బాగైంది" అనే చెప్పుకునేవాళ్లం, సంక్రాంతి సెలవుల్లో చెప్పుకున్నట్టే.

ఉరుములు పడ్డ రాత్రి

మూడో ఆదివారం తర్వాత వచ్చిన మంగళవారం. పెద్ద ఉరుములు, గాలి, కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపు నా డెస్క్‌టాప్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక స్విచ్‌లన్నీ లేచాయి, ఇది లేవలేదు. కరెంటు తిరిగి రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే లోపలి ప్రోగ్రాం) నేను పెట్టలేదు. యూపీఎస్‌కి కలపలేదు. పక్కదారి కేబుల్ లేదు. ఏడొందల మందికి రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు దాకా నెట్ లేదు, మర్నాడు కొందరికి ఆన్‌లైన్ అసైన్‌మెంట్ గడువు. అంతకుముందు వీడియో కాల్ తెగేది, ఇప్పుడు నేనొచ్చి అసలు నెట్టే లేకుండా చేశాను. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనలేదు. "తమ్ముడూ, ఒకసారి రా" అని మాత్రం మెసేజ్ పెట్టారు. అదే ఎక్కువ.

కంపెనీలో ఇలాంటి మార్పు చేయాలంటే వెనక్కి వెళ్లే దారి కాగితం మీద రాసి చూపిస్తే గానీ అనుమతి రాదు. పదకొండేళ్లు ఆ ఫారాలు నింపి విసిగిపోయి బయటికొచ్చినవాణ్ని. యూనివర్సిటీ ల్యాబ్‌లో పెట్టె ఆగితే ఆగుతుంది, పొద్దున్న చూసుకోవచ్చు, డెమో రోజు నడిస్తే చాలు. హాస్టల్‌ని నేను ల్యాబ్ అనుకున్నాను.

బుధవారం యూపీఎస్ కలిపాం, బయాస్ సెట్టింగ్ మార్చాం, నా డెస్క్‌టాప్‌ని తప్పించి స్విచ్‌ని నేరుగా ఫైర్‌వాల్‌కి కలిపే ఎర్ర కేబుల్ ఒకటి రాక్‌కి కట్టి ఉంచాం. ఏం చేయాలో నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పెట్టె మీద అంటించాం. తర్వాత ఒకసారి ఆ పెట్టె ఫ్యాను చెడి ఆగిపోతే, బాబాయ్ ఆ కాగితం చూసి రెండు నిమిషాల్లో మార్చేశాడు. నాకు మర్నాడు గానీ తెలియలేదు.

ఇప్పుడు

కొత్తగా 300 ఎంబీపీఎస్ కొనలేదు. ఖర్చంతా ఒక నెట్‌వర్క్ కార్డు, ఒక యూపీఎస్ బ్యాటరీ. ఫైర్‌వాల్ మార్చే ఏడాది ఈ పద్ధతి దానిలోనే ఉన్నది కొనమని రాసిచ్చాను. టెండర్‌లో "లైన్ నిండి ఉన్నప్పుడు ఆలస్యం ఎంత" అనే కాలమ్ పెట్టించాను. పదకొండేళ్లు నేను అవతలి వైపు ఉండగా ఒక్క కస్టమర్ కూడా అడగని కాలమ్ అది. అడిగి ఉంటే మేం వేరే కోడ్ రాసేవాళ్లం.

దీన్ని ఒక పేపర్‌గా రాద్దామని కూర్చున్నాను. కొత్తదనం ఏముందని అడుగుతారు, ఏమీ లేదు. 1985, 1988, 2012. నా ప్రమోషన్ ఫైల్లో ఈ పనికి కాలమ్ అంటూ లేదు. సర్వీస్ అని ఒక గడి ఉంది, అందులో ఒక వరుస రాశాను. మా పిల్లలకు మాత్రం ఇప్పుడు క్యూల పాఠం ఈ హాస్టల్ లెక్కతోనే మొదలుపెడుతున్నాను. ముందు వెయ్యి ప్యాకెట్లు, 20 ఎంబీపీఎస్ ఇచ్చి ఎంతసేపని అడుగుతాను. 600 అని ఎవరో ఒకరు చెబుతారు. తర్వాత 480 ఎందుకొచ్చిందని అడుగుతాను.

మూడో అంతస్తు మూలగదుల ఫిర్యాదులు మాత్రం ఇంకా వస్తున్నాయి. వార్డెన్ గది కేబుల్ మీద 18, అక్కడ 140. ఈసారి ముందు కేబుల్ మీద చూశాను. ఇది నిజంగా వైఫైయే. సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆ ఎనిమిది పేజీలు మళ్లీ బయటికి తీయాలి.